గన్నేరు తిన్నా చావని పురుగు

ఖరగ్‌పూర్‌లో మేమున్న రైల్వే క్వార్టర్ అరుగు పక్కన ఒక నందివర్ధనం చెట్టు ఉండేది. పొద్దున ఊడ్చిన గచ్చు మీద సాయంత్రానికి మళ్ళీ నల్లటి గుళికలు రాలి ఉండేవి. మిరియపు గింజ కన్నా కాస్త పెద్దవి. ఎలక పెంటనుకుని మా అమ్మ రెండు రోజులు విసుక్కుంది. మూడోనాడు మా మామ్మ ఒక గుళికని అరచేతిలో వేసుకుని ఎండకి తిప్పి చూసింది. దాని చుట్టూ అచ్చులో పోసినట్టు ఆరు నిలువు నొక్కులు. "ఎలక్కాదర్రా, పురుగు పెంట. కింద కాదు, పైకి సూడండి" అంది.

పైకి చూస్తే వెంటనే కనపడలేదు. పావుగంట పట్టింది. ఆకు రంగులో కలిసిపోయి, బొటనవేలంత లావున, కొమ్మ అడుగున తలకిందులుగా ఉంది. కొమ్మ వంచాను. అది తల లోపలికి లాక్కుని మెడ ఉబ్బించింది. ఆ ఉబ్బు మీద రెండు నీలం కళ్ళు విచ్చుకున్నాయి. "పాము!" అని కొమ్మ వదిలేసి అరుగెక్కేశాను. మామ్మ కదల్లేదు. "మా ఊళ్ళో గన్నేరు మీద ఉండేదీ ఇదే. గన్నేరు మేసిన గొడ్డు లెగదు గదా, మరి దీనికేటీ అవదేటి?" అంది, ఎవరినీ అడగనట్టుగా.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి శాస్త్రానికి చాలా కాలం పట్టింది. వచ్చిన జవాబు కూడా అందరూ ఊహించిన దారిలో రాలేదు.

పురుగు పేరు డాఫ్నిస్ నెరియై, గన్నేరు హాక్ మాత్ అనే చిమ్మట. 1758లో లినేయస్ తన సిస్టమా నాచురే పదో కూర్పులో దీనికి స్ఫింక్స్ నెరియై అని పేరు పెట్టాడు. నెరియం అంటే గన్నేరు. పిల్ల పురుగు తల ఎత్తి బిగుసుకు కూచునే తీరు ఈజిప్టు స్ఫింక్స్ బొమ్మలా ఉందని దీని కుటుంబం మొత్తానికీ స్ఫింజిడే అన్న పేరు స్థిరపడింది. లోకంలో ఆ కుటుంబంలోవి 1,400 పైచిలుకు జాతులున్నాయి. మన దేశపు వాటి మీద పెద్ద గ్రంథం 1937లో వచ్చింది. ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా వరసలో చిమ్మటల అయిదో సంపుటం అది. రాసినవాళ్ళు బెల్, స్కాట్. బెల్ కార్వార్ అడవుల్లో ఫారెస్టు ఉద్యోగం చేసినవాడు, స్కాట్ సైన్యంలో డాక్టరు. ఆ పుస్తకం గొప్పతనం ఏమిటంటే, పెట్టెలో గుండుసూది గుచ్చిన రెక్కల్ని మాత్రమే వర్ణించి ఊరుకోదు. ఏ పిల్ల పురుగు ఏ చెట్టు తింటుందో, ఎలా రంగు మారుతుందో ఇంట్లో పెంచి చూసినవాళ్ళ రాత అది. మా మామ్మ లాగే పెంట గుళికల్ని వెలుతురులో తిప్పి చూసిన మనుషులన్నమాట.

ఇక చెట్ల పేర్లు. ఇక్కడ తెలుగువాడిగా నాకు కాస్త గర్వం. ఎర్ర గన్నేరు, పచ్చ గన్నేరు, బిళ్ళ గన్నేరు, దేవ గన్నేరు. మనవాళ్ళు ఒకే ఇంటిపేరు పెట్టిన ఈ నాలుగూ వృక్షశాస్త్రం ప్రకారం కూడా ఒకే కుటుంబం, అపోసైనేసీ. నందివర్ధనం, ఏడాకుల పాల, అలంకారానికి కుండీల్లో పెంచే అడీనియం కూడా ఆ కుటుంబంలోవే. ఖరగ్‌పూర్‌లో మా పక్కింటి బెంగాలీలకి గన్నేరు కరబి, నందివర్ధనం టగర్, బిళ్ళ గన్నేరు నయన్‌తారా, ఏడాకుల పాల ఛాతిమ్. ఒక పేరుకీ ఇంకో పేరుకీ పొత్తు లేదు. ఠాగూర్ రక్తకరబి నాటకం పేరులో ఉన్నది మన ఎర్ర గన్నేరే. ఛాతిమ్ పశ్చిమ బెంగాల్ రాష్ట్ర వృక్షం. గన్నేరు హాక్ మాత్ గుడ్లు పెట్టడానికి గన్నేరు, నందివర్ధనం, బిళ్ళ గన్నేరు, అడీనియం, ఏడాకుల పాల, ఇలా చుట్టరికం చూసుకునే తిరుగుతుంది. ఆ చుట్టరికం దానికి ఆకు వాసనతో తెలుస్తుంది, మనకి ఇంటిపేరుతో.

అది ఖరగ్‌పూర్‌లో ఎందుకంత సులువుగా దొరుకుతుందో చెప్పాలంటే ఊరి సంగతి కొంచెం చెప్పాలి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కట్టుకున్న ఊరది. తూర్పు తీరపు లైను ఉత్తర భాగం వాల్తేరు దాకా 1902లో బి.ఎన్.ఆర్. చేతికొచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు జనం ఆ లైను పట్టుకునే వర్క్‌షాపు పనికి వచ్చారు. మథురాకాఠీ, నీమ్‌పురా, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్ వీధుల్లో ఇప్పటికీ తెలుగు వినపడుతుంది. వి.వి. గిరి 1928లో బి.ఎన్.ఆర్. కార్మికుల సమ్మె నడిపిన చరిత్ర మా ఇంట్లో పురాణంలా చెప్పుకునేవాళ్ళం. వచ్చినవాళ్ళు ఎర్రమట్టి నేలలో ఇంటి ముందు ఏం నాటుకున్నారు? పూజకి నందివర్ధనం, గన్నేరు. నీళ్ళు పోయకపోయినా బతికే బిళ్ళ గన్నేరు. ఒక్కో క్వార్టరుకీ ఒక్కో కంచె. ఈ పురుగుకి అంతకన్నా కావలసిందేముంది? మేకలూ ఆవులూ ముట్టని మొక్క కాబట్టి హైవేల మధ్య కూడా చాలాచోట్ల గన్నేరే నాటుతారు. ఖరగ్‌పూర్ మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారే శ్రీకాకుళం, విశాఖ, విజయవాడ మీదుగా మద్రాసు దాకా వెళ్తుంది. మావాళ్ళు రైల్లో వచ్చారు. పురుగుకి రెక్కలున్నాయి, టిక్కెట్టు అక్కర్లేదు.

జీవిత కథ చిన్నదే. తల్లి లేత ఆకు మీదో, ఆకు అడుగునో ఒక్కొక్కటిగా లేత ఆకుపచ్చ గుడ్లు పెడుతుంది. వెచ్చటి రోజుల్లో వారం లోపు పొదుగుతాయి. బయటపడిన పిల్ల పసుపు రంగులో మూడు నాలుగు మిల్లీమీటర్లుంటుంది. తోక మీద దాని ఒంటికి పొంతన లేనంత పొడుగు నల్లటి కొమ్ము. తింటున్నకొద్దీ ఆకుపచ్చకి తిరుగుతుంది, పక్కల తెల్లటి చుక్కల వరస వస్తుంది, కొమ్ము మాత్రం చిన్నదవుతూ వస్తుంది. చివరికి ఒళ్ళు ఏడెనిమిది సెంటీమీటర్లయ్యేసరికి ఆ కొమ్ము నారింజ రంగులో కిందికి వంగిన చిన్న మొటిమలా మిగులుతుంది. నువ్వు చేనులో కనపడే కొమ్ము పురుగు దీనికి దాయాదే. కొమ్ము కుడుతుందని పిల్లలు భయపడతారు. కుట్టదు. వేలితో నొక్కితే వంగుతుంది, అంతే.

ఇక మామ్మ ప్రశ్న.

గన్నేరు ఆకులో ఒలియాండ్రిన్ లాంటి కార్డినొలైడ్‌లుంటాయి. గుండె జబ్బున్న పెద్దవాళ్ళ మందుల డబ్బాలో ఒకప్పుడు తరచు కనపడిన డిగాక్సిన్ కూడా ఆ జాతి పదార్థమే, డిజిటాలిస్ అనే వేరే మొక్కది. ఇవి దెబ్బ కొట్టేది ఒకే ఒక్క చోట. జంతువుల కణాల పొరల్లో సోడియం పొటాషియం పంపు ఉంటుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో దాన్ని కనిపెట్టాడు, నలభై ఏళ్ళకి 1997లో నోబెల్ వచ్చింది. వర్క్‌షాపు గేటు దగ్గర షిఫ్టు మారినట్టు, ప్రతి విడతకీ మూడు సోడియం అయాన్లని బయటికి పంపి, రెండు పొటాషియం అయాన్లని లోపలికి తీసుకుంటుంది. నరం పలకాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా ఆ గేటు ఆడాలి. కార్డినొలైడ్ వచ్చి ఆ గేటుకి అడ్డంగా ఇరుక్కుంటుంది. గొడ్డు లేవకపోవడానికి కారణం అదే.

ఈ విషాన్ని తిని బతికే పురుగుల్లో అందరికీ తెలిసిన కథ అమెరికా మోనార్క్ సీతాకోకచిలుకది. దాని పంపులోనే మూడు చోట్ల అమైనో ఆమ్లాలు మారిపోయాయి. ఇరుక్కోవడానికి వచ్చిన విషానికి ఆ గేటులో పట్టు దొరకదు. 2019లో పరిశోధకులు అవే మూడు మార్పుల్ని పళ్ళ ఈగలో క్రిస్పర్‌తో చేసి చూపించారు, ఈగకీ విషం తట్టుకునే శక్తి వచ్చింది. మోనార్క్ అక్కడితో ఆగదు. విషాన్ని ఒంట్లో దాచుకుని తనే విషమవుతుంది. నారింజ రంగుతో పక్షికి ఆ సంగతి చాటుకుంటుంది. ఈ కథ ఎంత బావుందంటే, విషపు మొక్క తినే ప్రతి పురుగుకీ దీన్నే తగిలించేశారు. తెలుగులో వచ్చే సైన్సు శీర్షికల్లో కూడా ఈ ధోరణి చూశాను. గన్నేరు హాక్ మాత్ విషయంలో అది తప్పు.

జర్మనీలో గెయోర్గ్ పెట్షెంకా, సుజానే డోబ్లర్ 2009లో దీని పంపుని విడదీసి పరీక్షించారు. మారి ఉంటుందనుకున్నారు. మారలేదు. గన్నేరు మేసి పెరిగే ఈ పురుగు పంపు ఆ విషానికి మామూలు పురుగు పంపు అంత సులువుగానే లొంగిపోయింది. అయినా బతికున్న పిల్ల పురుగు ఒంట్లోకి సూదితో కార్డినొలైడ్ ఎక్కిస్తే చలించదు. అంటే కడుపు గోడ ఒక్కటే కాపాడుతోందనడానికి కూడా వీల్లేదు, సూది ఆ గోడని దాటేసింది కదా. కాపలా ఇంకా లోపల ఎక్కడో ఉండాలి.

నాలుగేళ్ళ తర్వాత 2013లో అదే బృందం ఆ చోటు పట్టుకుంది. పురుగు నరాల తాడు చుట్టూ పెరిన్యూరియం అనే సన్నటి తొడుగు ఉంటుంది. నీటిలో కలిసే తరహా కార్డినొలైడ్ ఒవబైన్ ఆ తొడుగుని దాటలేదు. డిగాక్సిన్ లాంటి కొవ్వులో కలిసే రకం దాటగలదు గానీ, తొడుగులో ఉన్న పీ-గ్లైకోప్రోటీన్ లాంటి పంపు దాన్ని వచ్చినట్టే బయటికి తోసేస్తుంది. వెరాపమిల్ అనే మందు వేసి ఆ పంపుని ఆపితే విషం నరంలోకి చొరబడింది. గొళ్ళెం మార్చుకున్నది మోనార్క్, గడప దగ్గర కాపలా పెట్టుకున్నది ఇది.

ఆ పరిశోధనలో నాకు అన్నిటికన్నా నచ్చిన వివరం వేరే ఉంది. పోల్చి చూడటానికి వాళ్ళు అమెరికా పొగాకు హాక్ మాత్‌ని కూడా తీసుకున్నారు. మన గుంటూరు పొగాకు తినే లద్దె పురుగుతో దానికి సంబంధం లేదు. గన్నేరు మొహం ఎరగని ఆ పురుగులో కూడా అదే కాపలా ఉంది! నికోటిన్‌ని నరాల్లోకి రానివ్వని పంపు ఒకటి దానిలో ఉండాలని 1994లోనే ఇంకొకరు రాశారు. 1998లో దాని విసర్జక నాళాలు నికోటిన్‌నీ, విన్‌బ్లాస్టిన్‌నీ బయటికి తోస్తున్నాయని చూపారు. విన్‌బ్లాస్టిన్ ఎక్కడిది? బిళ్ళ గన్నేరుది. క్యాన్సరుకి వాడే మందు. మనిషిలో క్యాన్సరు కణాలు ఆ మందుకి లొంగకుండా తప్పించుకునే దారుల్లో ఒకటి ఈ పీ-గ్లైకోప్రోటీనే. మన మెదడుకీ రక్తానికీ మధ్య ఉన్న గోడలో కాపలా కాసేదీ అదే.

దీన్నిబట్టి నాకు తోచేది ఇది. ఈ పురుగు గన్నేరు కోసం కొత్త ఆయుధం తయారుచేసుకుని రాలేదు. ఎన్నో రకాల విషాల్ని నరాల దాకా రానివ్వకుండా ఆపే పాత కాపలా దాని వంశంలో ముందే ఉంది. దాంతో గన్నేరులో కాలు పెట్టగలిగింది. నందివర్ధనంలో గన్నేరు విషం లేదు, దానివి వేరే ఆల్కలాయిడ్‌లు. బిళ్ళ గన్నేరువి మరికొన్ని. ఒక్క విషానికి సరిపడా గొళ్ళెం మార్చుకున్న పురుగైతే ఇన్ని వంటిళ్ళలో తినగలిగేది కాదేమో.

అదే గన్నేరు పొద మీద ఇంకో రెండు జీవుల్ని చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. లేత చిగురుని కప్పేసే పసుపు పచ్చటి పేను గన్నేరు పేను. అది విషాన్ని ఒంట్లో దాస్తుంది, దాన్ని చాటుకునే రంగులోనే ఉంటుంది. నల్లటి కామన్ క్రో సీతాకోకచిలుక పిల్లా గన్నేరు ఆకే తింటుంది. చారలూ కొమ్ములూ వేసుకుని అట్టహాసంగా తిరుగుతుంది, వెండి పూత పూసిన జుంకాలాంటి ప్యూపా కడుతుంది. మోనార్క్ బంధువే అయినా దాని పంపు మారలేదు, కార్డినొలైడ్‌లు దాచుకోదు. 2015లో పెట్షెంకా, అనురాగ్ అగ్రవాల్ ఈ సీతాకోకచిలుకల్ని పోల్చి తేల్చింది ఏమిటంటే, విషపు తిండి తినడానికి పంపు మారనక్కర్లేదు. విషాన్ని ఒంట్లో నిలవ చేసుకోవాలంటేనే ఆ మార్పు కావాలి. ఒకే కొమ్మ మీద మూడు కాపురాలు, మూడు పద్ధతులు. మన హాక్ మాత్ పిల్ల విషాన్ని ఆభరణంగా పెట్టుకునే రకం కాదు. తిని, గుళికలు రాల్చి, ఆకు చాటున ఊరుకుంటుంది.

అలా ఊరుకున్న పురుగు దొరికిపోతే? అప్పుడు కళ్ళు. అవి నిజం కళ్ళు కావని చెప్పక్కర్లేదు. ఛాతీ మూడో ఖండం మీద నల్లటి అంచున్న నీలం మచ్చలు. అసలు తల చాలా చిన్నది. కదిపితే దాన్ని లోపలికి ముడుస్తుంది, ఛాతీ ఉబ్బుతుంది, మచ్చలు బయటపడతాయి. ఇది పక్షుల్ని నిజంగా బెదిరిస్తుందా, మనకే అలా అనిపిస్తుందా అన్న అనుమానం చాలాకాలం ఉండేది. కెనడాలో హాసీ, షెరట్ పిండి ముద్దలతో పురుగుల్ని చేసి, కొన్నిటికి కళ్ళు పెట్టి, కొన్నిటికి మెడ ఉబ్బించి చెట్ల మీద ఉంచారు. ఏవి పక్షుల ముక్కుకి చిక్కాయో లెక్కపెట్టారు. కళ్ళూ ఉబ్బిన మెడా ఉన్నవి మెరుగ్గా బతికాయి. కోస్టారికా అడవుల్లో ఏళ్ళతరబడి పిల్ల పురుగుల్ని పెంచిన డేనియల్ జాన్జెన్ బృందం 2010లో ఇంకో మాట అంది. ఈ దొంగ కళ్ళు ఫలానా పాముని అచ్చు గుద్దినట్టు ఉండనక్కర్లేదు. ఆకుల మధ్య చటుక్కున కనపడ్డ కంటికి ఆలోచించకుండా వెనక్కి తగ్గే పక్షే బతుకుతుంది, ఆగి చూసే పక్షి ఏదో ఒకనాడు పాము నోట పడుతుంది. పక్షుల సంగతేమో గానీ, పదేళ్ళ పిల్లాడి మీద ఆ కళ్ళు పనిచేశాయని నేను సాక్ష్యం చెప్పగలను.

పెద్ద పురుగు రెక్కలు విప్పితే ఈ చివరి నుంచి ఆ చివరికి తొమ్మిది నుంచి పదకొండు సెంటీమీటర్లు. ముదురాకుపచ్చ, లేతాకుపచ్చ, గులాబి, మీగడ తెలుపు పట్టీలు. స్టేషన్లో తెల్లవారుజామున గోడ మీద వాలి ఉంటే పోర్టర్లు దాన్ని మిలిటరీ పురుగనేవాళ్ళు. నాకు తెలిసిన పేర్లన్నిట్లోకీ అదే సరైనది. ఆకుల్లో వాలిన దాన్ని వెతికి పట్టుకోవడం కష్టం, సున్నం కొట్టిన గోడ మీద మాత్రం దాని యూనిఫాం దానికే ముప్పు. దీపం వెలుగు దాన్ని లాగేది అలాంటి గోడల మీదికే.

రాత్రి ఇది పూలకి వెళ్తుంది. గన్నేరు పువ్వులో తేనె ఉండదు కాబట్టి, పుట్టిల్లు గన్నేరైనా భోజనం వేరే ఇంట్లో. గాలిలో నిలబడి పొడవాటి గొట్టం లాంటి నాలుకని పువ్వులోకి దించుతుంది. ఖరగ్‌పూర్ గేట్ల మీద పాకే రాధామనోహరం, బెంగాలీల మధుమాలతి, ఈ కుటుంబానికి తగ్గట్టు అమరిన పువ్వు. సాయంత్రం తెల్లగా విచ్చి, వాసనతో హాక్ మాత్‌లని పిలిచి, మర్నాడు గులాబీకి, ఆ తర్వాత ఎరుపుకి తిరుగుతుంది. చీకట్లో వీటికి రంగులు కనపడతాయా? నక్షత్రాల వెలుతురులో కూడా కనపడతాయని ఆల్ముట్ కెల్బర్ బృందం 2002లో యూరప్ హాక్ మాత్ ఒకదానితో చూపించింది. ఆ వెలుతురులో మనకి నలుపూ తెలుపే. గబ్బిలాల సంగతి ఇంకా తమాషా. బార్బర్, కవహారా 2013లో బోర్నియోలో మూడు హాక్ మాత్ జాతులు గబ్బిలం కూతకి ఎదురు అల్ట్రాసౌండ్ చేస్తున్నాయని కనిపెట్టారు. మగవి పొట్ట చివరి పొలుసుల్ని రుద్ది ఆ చప్పుడు చేస్తాయి.

ప్రయాణం విషయంలో ఇది రైల్వే వాళ్ళకి తీసిపోదు. ఆఫ్రికా, దక్షిణాసియా దీని సొంత ఊళ్ళు. వేసవిలో యూరప్‌లోకి ఎగిరిపోతుంది. అక్కడి చలికాలం ప్యూపా తట్టుకోలేదు, కాబట్టి ప్రతి ఏడూ కొత్తగా వెళ్ళాల్సిందే. 1974లో హవాయి దీవుల్లో కనపడి అక్కడే స్థిరపడిపోయింది. దీని దాయాది, వీపు మీద పుర్రె బొమ్మ ఉండే హాక్ మాత్‌కి 2022లో అచ్చయిన ఒక పరిశోధనలో చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్లు కట్టి, విమానంలో వెంటపడ్డారు. ఆల్ప్స్ పర్వతాల వైపు గాలి అడ్డొచ్చినా దారి తప్పకుండా ఒకే రాత్రిలో 80 కిలోమీటర్ల దాకా వెళ్ళింది. ఖరగ్‌పూర్ నుంచి బాలేశ్వర్ దారిలో సగానికి మించిన దూరమది.

ఇక దీన్ని చీడ అందామా? అడీనియం కుండీల్లో పెంచి అమ్మేవాళ్ళు అంటారు, వాళ్ళ బాధ వాళ్ళది. చిన్న మొక్కని రెండు పురుగులు రెండు రోజుల్లో మోడు చేసేస్తాయి. పెరటి నందివర్ధనానికి మందు కొట్టడం మాత్రం నాకు నచ్చదు. చెట్టు పదిహేను రోజుల్లో మళ్ళీ చిగురిస్తుంది. గుడ్లలోనే గుడ్లు పెట్టే ట్రైకోగ్రామా కందిరీగలు ఉండనే ఉన్నాయి, కనపడనంత చిన్నవి. మందు ముందు వాటిని చంపుతుంది. మరీ ముద్దొచ్చిన మొక్కైతే చేత్తో ఏరి పక్క పొద మీద వదిలితే సరిపోతుంది.

ఆ పురుగుని మేం చంపలేదు. నాలుగైదు రోజులకి దాని ఒళ్ళు ఉన్నట్టుండి రంగు మారింది. వీపంతా కాల్చిన ఇటుక రంగు, ఆ పైన ముదురు గోధుమ. జబ్బు చేసిందని అమ్మ జాలిపడింది. చెట్టు దిగి గచ్చు మీద గాబరాగా పాకుతుంటే మామ్మ హార్లిక్స్ సీసాలో ఎండుటాకులు నింపి అందులోకి వదిలింది. ఆకుల్ని పలచటి దారాలతో కలిపి కుట్టుకుని లోపల ప్యూపా అయింది. పక్కల ఊపిరి రంధ్రాల దగ్గర నల్లటి చుక్కలు పేర్చినట్టున్నాయి. మూత తీసి గుడ్డ కట్టాం.

రెండు వారాలకి ఒక రాత్రి నైట్ షిఫ్టు సైరన్ మోగాక గుడ్డ కింద గీరిన చప్పుడైంది. గుడ్డ విప్పేసరికి ముడతలు పడ్డ రెక్కలతో బయటికొచ్చి సీసా అంచుకి వేలాడింది. రెక్కలు సాగి ఆరడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత వణకడం మొదలుపెట్టింది. చలికి కాదు, ఎగరడానికి ముందు ఛాతీ కండరాల్ని అలా వణికించి వేడి చేసుకుంటుంది. పొగాకు హాక్ మాత్ మీద చేసిన కొలతల్లో ఆ వేడి మన ఒంటి వేడికి తీసిపోదు. నాకు అప్పుడు అదేమీ తెలీదు. మామ్మ దీపం ఆర్పేయమంది. ఆర్పాక గొంతు సవరించుకున్నట్టు సన్నటి గురక వినపడింది, సీసా చిన్నగా అదిరింది, మొహం మీద గాలి తగిలింది. దీపం వేసి చూస్తే గుడ్డ మీద ఎర్రటి మరక ఒకటి, సీసాలో పగిలిన తొడుగు.

"పోయిందా?" అంది మామ్మ.

"పోయింది."

"అయితే ఆ సీసా కడిగి ఎండలో పెట్టు. రేపు ఆవకాయ తియ్యాలి."